సీసియం లెక్కలో ఆ తొమ్మిది ఎక్కడ?

ప్రశ్న: సీసియం–137 వంద విఘటనల్లో 94 సార్లకు పైగా ఉత్తేజిత బేరియం కేంద్రకం ఏర్పడుతుందని మా పుస్తకంలో ఉంది. వెలువడే గామా కిరణాలు మాత్రం 85 అని రాశారు. మిగతా తొమ్మిది ఏమైనట్టు? మా ప్రయోగశాల వర్ణపటంలో ఎడమ చివర, 32 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక చిన్న శిఖరం కనిపిస్తోంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఉందమ్మా. మీ తొమ్మిదింటి జాడ ఆ చిన్న శిఖరంలోనే ఉంది. 662 దగ్గరి గామా శిఖరానికి ఎర్ర సిరాతో పేరు రాసి, దీన్ని ‘నాయిస్’ అని వదిలేసిన రికార్డు పుస్తకాలు నేను చాలా దిద్దాను.

బేరియం కేంద్రకం తన దగ్గరున్న 661.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులను ఎక్కువసార్లు గామాగా వదిలేస్తుంది. కొన్నిసార్లు మాత్రం తన పక్కనే ఉన్న ఎలక్ట్రాన్‌కు నేరుగా ఇచ్చి బయటికి పంపేస్తుంది. దీన్నే అంతర్గత పరివర్తన అంటారు. గామా ముందు పుట్టి, దారిలో ఎలక్ట్రాన్‌ను గుద్దుతుందని అనుకోకండి. వైవాలో నేను ఎక్కువగా విన్న తప్పు అదే. దీనికి రుజువు చూడండి: జెర్మేనియం–72 కేంద్రకంలో 691 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఉత్తేజిత స్థాయికీ, అన్నిటికన్నా కిందిదైన భూస్థాయికీ స్పిన్ సున్నాయే కాబట్టి వాటి మధ్య ఒంటరి గామా రావడానికి వీల్లేదు. ఎలక్ట్రాన్లు మాత్రం వస్తాయి!

మళ్ళీ బేరియం దగ్గరికి వద్దాం. కేంద్రకానికి అతి దగ్గరి పొర అయిన కె కర్పరం నుంచి ఎలక్ట్రాన్‌ను పెరకడానికి 37.4 ఖర్చవుతుంది, 624తో అది బయటపడుతుంది. ఖాళీ అయిన చోటు నిండేటప్పుడు వచ్చే ఎక్స్ కిరణమే మీ 32. ఒక గామాకు ఎన్ని ఎలక్ట్రాన్లు అన్నదే పరివర్తన గుణకం. ఇక్కడ కె కర్పరానికి 0.0915, కర్పరాలన్నీ కలిపి 0.11. మీ 94.4ను 1.11తో భాగించి చూడండి, 85 వస్తుంది.

గుణకం నిష్పత్తి కాబట్టి దాన్ని కొలవడానికి సోర్సు (సీసియం ఉన్న బిళ్ళ) బలం తెలియనక్కర్లేదు. చిక్కంతా రెండు శిఖరాలను రెండు వేర్వేరు తూకాలతో తూచడంలో ఉంది. డిటెక్టర్‌లోని సోడియం అయొడైడ్ స్ఫటికంలోకి చేరిన 32 దాదాపు పూర్తిగా శిఖరంలో పడుతుంది. 662లో చాలా భాగం, స్ఫటికంలో కొంత శక్తినే వదిలిన గామాలు పడే కాంప్టన్ వాలులోకి జారిపోతుంది. పైగా కె ఖాళీలు వంద ఏర్పడితే ఎక్స్ కిరణాలు వచ్చేది 90 చోట్లే. ఈ సవరణలన్నీ శ్రద్ధగా చేసి కూడా ఓ ఏడాది మా బృందానికి గుణకం సగమే వచ్చింది. రెండు రోజులు ఎలక్ట్రానిక్స్‌ను తిట్టుకున్నాం. తీరా చూస్తే సోర్సు బిళ్ళను తిరగేసి పెట్టాం. దాని వెనుకనున్న 3 మిల్లీమీటర్ల అల్యూమినియం 32లో సగానికి పైగా మింగేసింది. 662లో ఆపింది నూటికి ఆరు మాత్రమే.

ఎలక్ట్రాన్లనే నేరుగా లెక్కించాలంటే సీలు వేసిన బిళ్ళ పనికిరాదు. పలుచని పొర మీద ఒక చుక్క ద్రావణం ఆరబెట్టి, శూన్యంలో, చల్లబరిచిన సిలికాన్ డిటెక్టర్ ముందు ఉంచాలి. చుక్క మందమైతే ఎలక్ట్రాన్లు అందులోనే శక్తి పోగొట్టుకుంటాయి, శిఖరం ఎడమ వైపు సాగిపోతుంది. కొత్త కేంద్రకాన్ని కొలిచేటప్పుడు సీసియం 624నే తూకపు రాయిగా వాడుకోవడం పరిపాటి.

ఈ విద్య మీకు దూరమేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతిక శాస్త్రానికి పునాది వేసిన స్వామి జ్ఞానానంద బీటా వర్ణపటాల మీదే పనిచేశారు.

ఈసారి బిళ్ళను ఒకసారి సరిగా, ఒకసారి తిరగేసి పెట్టి చెరో పది నిమిషాలు లెక్కించండి. రెండు 32లనూ రికార్డులో పక్కపక్కన రాయండి.