వేన్ షార్టర్ లాంటి పెద్ద జాజ్ విద్వాంసుడు పోతే అభిమానులు నివాళి ఎలా ఇస్తారు? జాజ్ పెద్దగా తెలియని నేనూ ఇవ్వొచ్చా?

మీరు అడిగిన మొదటి దానికి నేను చూసింది చెప్తాను. అది చదివితే రెండోదానికీ జవాబు దొరుకుతుంది.

నేను ఉండేది న్యూజెర్సీలో. వేన్ షార్టర్ పుట్టి పెరిగిన నెవార్క్ మాకు దగ్గరే. 2023 మార్చి 2న ఆయన లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూశారు. 89 ఏళ్లు. వార్త వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడి జాజ్ అభిమానుల మధ్యే తిరిగాను. సభ పెట్టి ఉపన్యాసాలు ఇచ్చినవాళ్లు నాకైతే కనబడలేదు. వాయించడం వచ్చినవాళ్లు ఆయన కట్టిన బాణీలు వాయించారు, రాని మాలాంటి వాళ్లం కూర్చుని విన్నాం. అంతకు మించిన నివాళి లేదని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అదే అంటాను.

పేరు వినని వాళ్ల కోసం రెండు ముక్కలు. 1933లో పుట్టిన షార్టర్ 1959లో డ్రమ్స్ వాయించే ఆర్ట్ బ్లేకీ నడిపే బృందం జాజ్ మెసెంజర్స్‌లో చేరారు. 1964లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలోకి వెళ్లారు. 1970లో జో జావినుల్‌తో కలిసి వెదర్ రిపోర్ట్ బ్యాండ్ పెట్టారు. 2000 నుంచి డానిలో పెరెజ్, జాన్ పాటిటుచి, బ్రయన్ బ్లేడ్‌లతో సొంత బృందం నడిపారు. టెనర్, సొప్రానో శాక్సఫోన్లు రెండూ వాయించేవారు. శాక్సఫోన్ బాగా వాయించినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ షార్టర్ రాసినన్ని గొప్ప బాణీలు రాసినవాళ్లు చాలా తక్కువ. జాజ్ నేర్చుకునే పిల్లలు ఏదో ఒక రోజు ఆయన బాణీ దగ్గరికి రావలసిందే.

వార్త వచ్చిన రోజు ఆఫీసు నుంచి వస్తూ కారులో నెవార్క్ రేడియో స్టేషన్ డబ్ల్యూబీజీఓ పెట్టాను. ఇల్లు చేరేదాకా ఆయన పాటలే. కొలంబియా యూనివర్సిటీ విద్యార్థుల స్టేషన్ డబ్ల్యూకేసీఆర్‌కి కూడా ఒక మంచి అలవాటు ఉంది. జాజ్‌లో పెద్దవాళ్లు ఎవరైనా పోతే మామూలు కార్యక్రమాలు పక్కన పెట్టేసి గంటల తరబడి వాళ్ల సంగీతమే వేస్తారు. మధ్యలో గొంతు విప్పితే రికార్డు పేరు, ఏ సంవత్సరం, ఎవరెవరు వాయించారు, అంతే. బాస్ ఎవరు, డ్రమ్స్ ఎవరు అన్నది ఒక్కటి కూడా వదలరు. ఒకరి నివాళిలో పక్కన వాయించినవాళ్ల పేర్లు కూడా చెప్పడం నాకు చాలా నచ్చుతుంది.

ఆ వారాంతంలో దగ్గర్లోని ఒక చిన్న రెస్టారెంట్‌లో జామ్ సెషన్‌కి వెళ్లాను. జామ్ సెషన్‌లో ఒక హౌస్ బ్యాండ్, అంటే ఆ చోటి సొంత బృందం, ఉంటుంది. వాయించాలనుకున్నవాళ్లు కాగితం మీద పేరు రాసి, వంతు వచ్చినప్పుడు స్టేజీ ఎక్కి, ఏ బాణీ వాయిద్దామో అక్కడికక్కడ చెప్పుకుంటారు. ఈ రాత్రి షార్టర్‌వే వాయించాలి అని ఎవరూ ప్రకటించలేదు. ఎక్కినవాళ్లంతా ఆయనవే అడిగారు.

డెబ్బై దాటిన ఒక పెద్దాయన శాక్సఫోన్ రీడుని (ఊదితే కదిలి శబ్దమిచ్చే పలచని పుల్లని) నోట్లో పెట్టి తడుపుకుంటూ వచ్చి, బాస్ వాయించే అబ్బాయి వైపు తిరిగి "ఫుట్‌ప్రింట్స్" అన్నారు. ఆ బాణీకి కింద బాస్ వరుసే ప్రాణం. మైనర్ బ్లూస్, మూడు లెక్కలో ఊగుతూ వెళ్తుంది. అబ్బాయి ఆ వరుస ఎత్తుకున్నాడు. పెద్దాయన వెంటనే అందుకోలేదు. రెండుసార్లు తిరగనిచ్చి అప్పుడు మొదలుపెట్టారు. సోలో, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి వాయించే భాగం, వచ్చేసరికి మూడు స్వరాలు వాయించి ఆగేవారు, డ్రమ్స్ ఏమంటాయో విని ఇంకో రెండు వాయించేవారు. ఆ ఖాళీలు షార్టర్ నుంచి వచ్చినవే. న్యూయార్క్‌లో ఒకసారి ఆయన చివరి బృందాన్ని విన్నప్పుడు కూడా ఇంతే. స్టూలు మీద కూర్చుని చాలాసేపు శాక్సఫోన్ ముట్టుకోకుండా, మిగతా ముగ్గుర్నీ విన్నారు. తర్వాత సొప్రానో మీద ఒక చిన్న మాట లాంటిది అన్నారు, బ్రయన్ బ్లేడ్ డ్రమ్స్ ఒక్కసారిగా లేచాయి.

పెద్దాయన తర్వాత కాలేజీ వయసు అమ్మాయి ఒకరు టెనర్‌తో ఎక్కి "ఇన్‌ఫంట్ ఐస్" అడిగారు. షార్టర్ తన కూతురి కోసం రాసిన బాణీ ఇది. నిదానంగా, తేలిగ్గా ఉన్నట్టే వినబడుతుంది కానీ లోపల చిక్కుంది. మామూలుగా ఇలాంటి పాటల్లో ఎనిమిది బార్లకొక (బార్ అంటే మన ఆవర్తనం లాంటి లెక్క) భాగం ముగుస్తుంది. ఇందులో తొమ్మిది. మూడు తొమ్మిదులు, మొత్తం 27 బార్లు. ఆ తొమ్మిదో బార్ దగ్గర అమ్మాయి ఒక్క క్షణం తడబడింది. పియానో మీద ఉన్నాయన తల ఊపి, అడుగు స్వరం కాస్త గట్టిగా నొక్కి దారి చూపించారు. ఆమె కళ్లు మూసుకుని మళ్లీ అందుకుంది. ఆ రాత్రి నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తున్నది ఆ తల ఊపడమే.

విరామంలో ఒక దంపతులు తమతో తెచ్చిన పాత ఎల్పీని టేబుల్ మీద పెట్టారు. షార్టర్ ఆల్బమ్ "స్పీక్ నో ఈవిల్". కవరు మూలలు అరిగి, లోపలి అట్ట తెల్లగా కనబడుతోంది. ముందు షార్టర్ మొదటి భార్య ముఖం. అందరూ ఒక్కొక్కరుగా తీసుకుని వెనక వైపు చదివారు. 1964 డిసెంబర్ 24న, అంటే క్రిస్మస్ ముందు రోజు, ఇదే న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో రికార్డ్ చేశారు. ట్రంపెట్ ఫ్రెడ్డీ హబ్బర్డ్, పియానో హెర్బీ హాన్‌కాక్, బాస్ రాన్ కార్టర్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. ఇక్కడివాళ్లకి అది మా ఊరి రికార్డు. ఆ గర్వం వాళ్ల ముఖాల్లో తెలిసిపోతోంది.

మన తెలుగువాళ్లకి ఈ పద్ధతి కొత్తేం కాదు. త్యాగరాజస్వామి ఆరాధనకి తిరువయ్యారులో చేసేదీ, అమెరికాలో మనవాళ్లు చేసుకునేదీ ఇదే కదా. స్వామివారి గురించి ఎంత చెప్పినా, అందరూ కలిసి కూర్చుని పంచరత్న కీర్తనలు పాడినప్పుడే ఆరాధన జరిగినట్టు. ఒక తేడా మాత్రం ఉంది. పంచరత్నాల్లో అందరి గొంతూ ఒకే పాఠంలో కలవాలి. జాజ్‌లో బాణీ మాత్రం ఆయనది, ఆ తర్వాత దారి ఎవరిది వాళ్లదే. షార్టర్ సోలోని ఉన్నదున్నట్టు దింపేస్తే మెచ్చుకోరు. ఆయన బతికినన్నాళ్లూ నిన్న వాయించినట్టు ఇవాళ వాయించలేదు, అలాంటాయనకి నకలు పెట్టడం ఏం గౌరవం అంటారు. నాకూ అది న్యాయంగానే అనిపిస్తుంది.

సోషల్ మీడియాలో వచ్చినవీ చాలా చదివాను. ఓం శాంతి లాంటి రెండు మాటలు రాసి వెళ్లిపోయిన వాళ్లని తప్పుపట్టను. కానీ ఒక్క రికార్డు పేరు రాసి, అది ఎప్పుడు విన్నారో, అప్పుడు తమకి ఏం జరుగుతోందో రాసినవాళ్ల పోస్టులే మనసుకి తగిలాయి. 1960ల్లో బ్లూ నోట్ కంపెనీకి చేసిన రికార్డులే అసలు షార్టర్ అనేవాళ్లు ఒక వైపు, వెదర్ రిపోర్ట్ వాళ్లు ఇంకో వైపు. వీళ్లిద్దరి మధ్య, జాజ్ అంటే ఏమిటో తెలియకుండానే స్టీలీ డాన్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల "ఏజా" పాటలోని సోలోతో ఆయన్ని ప్రేమించిన రాక్ అభిమానులు. గాయని జోనీ మిచెల్ ఆల్బమ్స్ ద్వారా వచ్చినవాళ్లు కూడా. అందరూ ఒకే మనిషి గురించి రాస్తున్నారా అనిపించేంత వేర్వేరుగా ఉన్నాయి ఆ జ్ఞాపకాలు.

చాలామంది 1996 గురించి కూడా రాశారు. ఆ ఏడాది జూలైలో న్యూయార్క్ నుంచి బయలుదేరిన టీడబ్ల్యూఏ 800 విమానం లాంగ్ ఐలండ్ దగ్గర సముద్రంలో కూలిపోయింది. 230 మంది పోయారు. వాళ్లలో షార్టర్ భార్య ఆనా మరియా, ఆమె సోదరి కూతురు ఉన్నారు. మరుసటి ఏడాది ఆయన, ప్రాణస్నేహితుడు హెర్బీ హాన్‌కాక్, ఇద్దరే కూర్చుని పియానో, సొప్రానోలతో "1+1" అనే ఆల్బమ్ తెచ్చారు. ఇద్దరూ బౌద్ధులు, రోజూ జపం చేసేవాళ్లు. తమ ఇంట్లో ఎవరో పోయినప్పుడు ఆ ఆల్బమ్ వింటూ గడిపామని రాసినవాళ్లు ఉన్నారు. మా నాన్నగారు పోయిన తర్వాత నేనూ అదే విన్నాను. అందులో ఓదార్పు మాటలేవీ ఉండవు, పక్కన ఒకరు ఉన్నారన్నది మాత్రం తెలుస్తుంది. అప్పట్లో నాకు కావలసింది అదే.

ఆయన చివరిదాకా పనిచేశారన్నది కూడా చెప్పాలి. బాస్ వాయిస్తూ పాడే ఎస్పరాంజా స్పాల్డింగ్‌తో కలిసి "ఇఫిజినియా" అనే ఒపేరా 2021లో స్టేజీ ఎక్కించారు. అప్పటికి ఆయనకి 88 ఏళ్లు. చనిపోవడానికి నెలలోపే, 2023 ఫిబ్రవరిలో, డెట్రాయిట్ జాజ్ ఫెస్టివల్ లైవ్ రికార్డింగ్‌లోని ఒక సోలోకి గ్రామీ కూడా వచ్చింది.

ఇక మీ రెండో ప్రశ్న. తప్పకుండా ఇవ్వొచ్చు. జాజ్ తెలియాల్సిన పనే లేదు, ఓ అరగంట తీరిక చాలు. ముందు "ఇన్‌ఫంట్ ఐస్" వినండి, వేరే పని చేస్తూ వద్దు. తర్వాత "నెఫర్టీటీ". మైల్స్ డేవిస్ ఆల్బమ్‌లో ఉంటుంది, బాణీ షార్టర్‌ది. ట్రంపెట్, శాక్సఫోన్ మొదటి నుంచి చివరిదాకా అదే బాణీని మళ్లీ మళ్లీ వాయిస్తాయి, సోలోలే ఉండవు. మారేదంతా కింద పియానో, బాస్, డ్రమ్స్‌లోనే. మొదటిసారి విసుగనిపించొచ్చు. రెండోసారి డ్రమ్స్ మీదే చెవి పెట్టి వినండి, టోనీ విలియమ్స్ ఏం చేస్తున్నాడో తెలుస్తుంది. ఆ తర్వాత "ఫుట్‌ప్రింట్స్" రెండు రకాలుగా వినండి. షార్టర్ సొంత ఆల్బమ్ "ఆడమ్స్ ఆపిల్"లో ఒకటి, మైల్స్ డేవిస్ "మైల్స్ స్మైల్స్"లో ఇంకొకటి. రెండూ 1966లోనే రికార్డయ్యాయి, మధ్యలో కొన్ని నెలలే తేడా. రెండోదాంట్లో లెక్క మూడులోంచి నాలుగులోకి, మళ్లీ వెనక్కి జారుతూ ఉంటుంది. తికమకగా ఉంటే బాస్ వరుసని పట్టుకోండి, దారి దొరుకుతుంది. విన్నాక రెండింట్లో ఏది నచ్చిందో కింద రాయండి. నా ఓటు రెండోదానికే, కానీ మీరేమంటారో చదవాలని ఉంది.