ముదిరిన గ్లకోమాకు లేజర్ చేయిస్తే ఫలితం ఎన్నాళ్లు ఉంటుంది?

గ్లకోమా (దృష్టి నాడిని దెబ్బతీసే కంటి జబ్బు) బాగా ముదిరాక లేజర్ చేయిస్తే చూపు తిరిగి వస్తుందా, ఫలితం ఎన్నేళ్లు నిలుస్తుంది అని అడిగారు. పోయిన చూపు రాదు. దెబ్బతిన్న దృష్టి నాడి కోలుకోదు. కంటిలో ఒత్తిడి తగ్గించి, మిగిలిన చూపును కాపాడటమే లేజర్ ఉద్దేశం.

ఈ దశలో తరచుగా వాడేది 810 నానోమీటర్ల డయోడ్ లేజర్. కంటికి మత్తు ఇచ్చి, తెల్లభాగం మీద నల్లగుడ్డు అంచుకు దగ్గరగా చిన్న మొన ఆనించి, లోపల ద్రవాన్ని ఊరించే కణజాలంలో కొంత భాగాన్ని కాలుస్తారు. ద్రవం తగ్గితే ఒత్తిడి దిగుతుంది. కానీ కాలక్రమంలో ఆ ఒత్తిడి మళ్లీ పెరగవచ్చు. అందుకే కొన్ని నెలలకో ఏళ్లకో చాలామందికి మళ్లీ లేజర్ చేయాల్సి వస్తుంది. చుక్కల మందు తగ్గుతుంది గానీ పూర్తిగా మానగలిగేవారు తక్కువ. అతిగా కాలిస్తే ఒత్తిడి మరీ పడిపోయి, అరుదుగా కన్నే కుంచించుకుపోతుంది. డాక్టర్ ఒకేసారి ఎక్కువ మోతాదు ఇవ్వకపోతే అది మీ మంచికే.

కంటిలోని ద్రవం బయటికి పోయే దారిని మెరుగుపరిచే ఎస్‌ఎల్‌టీ అనే తేలికపాటి లేజర్ వేరు. బ్రిటన్‌లో జరిగిన ‘లైట్’ అనే అధ్యయనంలో దానితో 3 ఏళ్ల తర్వాత కూడా సుమారు 74 శాతం మందికి చుక్కలు అవసరం కాలేదు. వారిలో ఎక్కువమందిది తొలి దశ, ఆ అంకెను ముదిరిన కంటికి అన్వయించుకోకండి.

లేజర్ తర్వాత బాగుందని పరీక్షలు మాత్రం దయచేసి మానకండి. ఒత్తిడి మళ్లీ పెరిగినా చాలాసార్లు నొప్పి ఉండదు.