మోకీలు మార్పిడి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. కుడి మోకీలు పూర్తిగా అరిగిందని వచ్చే నెల ఆపరేషన్ పెట్టారు. షుగర్ ఉంది. నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. మోకాలు కోసేసి ఇనుపది బిగిస్తారని ఎవరో చెప్పినప్పటి నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదు. ముందు ఏం చూసుకోవాలి? ఆ రోజు ఏం జరుగుతుంది?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మోకాలు తీసెయ్యరని ముందు అమ్మగారికి చెప్పండి. పాడైన పన్ను పైభాగం అరగదీసి క్యాప్ తొడుగుతారు కదా, ఇదీ అలాంటిదే. తొడ ఎముక చివర, కింది ఎముక పైన అరిగిన భాగాన్ని సుమారు ఒక సెంటీమీటరు మందాన చెక్కుతారు. పై ఎముకకు కోబాల్ట్ క్రోమియం తొడుగు, కింది దానికి లోహపు పళ్లెం అతికించి, రెంటి మధ్య గట్టి ప్లాస్టిక్ దిమ్మ పెడతారు. ఇరుపక్కలా కీలును పట్టి ఉంచే లిగమెంట్లు ఆవిడవే ఉంటాయి.

మేం అన్నిటికన్నా భయపడేది ఇన్ఫెక్షన్‌కు. సూక్ష్మజీవులు లోహం మీద చేరితే పైన ఒక పొర కట్టుకుంటాయి, యాంటీబయాటిక్ దాని లోపలికి చేరదు. ఒక్కోసారి పెట్టిన కీలునే తీసెయ్యాల్సి వస్తుంది. అందుకే మూడు నెలల షుగర్ సగటు హెచ్‌బీఏ1సీ 7.5 లోపు ఉంటే మంచిది. 8 దాటితే వాయిదా వేసుకోవడమే మేలు. పుచ్చిపళ్లు, మూత్రంలో మంట, పాదాల పగుళ్లు, వేళ్ల సందుల్లో ఒరుపు ఉంటే ముందే నయం చేయించండి. ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు తీయొద్దు, కంటికి కనబడని గాట్లు పడతాయి. మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని మూడు నెలలు కాకపోతే ఆ సంగతి సర్జన్‌కు తప్పక చెప్పండి. నాటుమందు వాడుతున్నా దాచొద్దు.

ఇక మందులు. స్టెంట్ ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపుతారు, ఆస్పిరిన్ చాలాసార్లు కొనసాగిస్తారు. ఏది ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే కనీసం మూడు రోజుల ముందు ఆపించాల్సి ఉంటుంది. లేకపోతే ఉపవాసంలో, షుగర్ మామూలుగా కనబడుతూనే, రక్తంలో ఆమ్లాలు పేరుకుంటాయి. ఈ మందుల సంగతి చాలామంది చెప్పడం మరిచిపోతారు, అందుకే వాడే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.

ఆపరేషన్‌కు 6 గంటల ముందే తిండి ఆపాలి. పాలు పోసిన కాఫీ, టీ కూడా తిండి కిందే లెక్క. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. నడుము దగ్గర మత్తు సూది వేస్తే కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, మొద్దుబారతాయి. నిద్రమత్తు తేలికగానే ఇస్తే రంపం, సుత్తి చప్పుళ్లు వినబడొచ్చు, నొప్పి మాత్రం ఉండదు. ఇది ముందే చెబితే అమ్మగారు కంగారుపడరు. పని గంట, గంటన్నరలో అయిపోతుంది. అదే సాయంత్రమో మర్నాడో వాకర్‌తో నిలబెట్టి నడిపిస్తారు.

ప్రశ్న: మా నాన్నగారికి మోకీలు మార్చి 18 రోజులైంది. మోకాలి కింద దిండు పెడితేగానీ పడుకోలేకపోతున్నారు. 70 డిగ్రీలే వంగుతోంది. చీము పడుతుందని బంధువులు పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించారు.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ దిండు ఈ రోజే తీసెయ్యండి. మోకాలు కొంచెం వంగి ఉంటే హాయిగానే ఉంటుంది, కానీ అలాగే బిగుసుకుపోతుంది. తిన్నగా చాపలేని కాలితో నడిస్తే తొడ కండరం ప్రతి అడుగుకూ అలసిపోతుంది, కుంటు మిగిలిపోతుంది. అందరూ ఎంత వంగిందనే చూస్తారు, ఎంత చాచగలుగుతున్నారో చూడరు. దిండు మడమ కింద పెట్టండి, మోకాలి వెనక ఖాళీ ఉండాలి. రోజుకు మూడు నాలుగుసార్లు, పది నిమిషాల చొప్పున చాలు.

నొప్పి మాత్ర వేసిన అరగంటకు వ్యాయామం మొదలుపెట్టండి. నొప్పికి ఓర్చుకుని మాత్ర మానెయ్యడం గొప్ప కాదు, దానివల్ల వ్యాయామమే ఆగిపోతుంది. మోకాలిని మంచానికేసి అదిమి 5 లెక్కపెట్టి వదలాలి, ఇలా 10 సార్లు. తర్వాత మడమను పక్కమీద జరుపుతూ తనవైపు లాక్కోవాలి, అదీ 10 సార్లు. ఆపైన గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెట్టండి. ఈపాటికి 90 డిగ్రీలకు దగ్గరపడాలి. మీ నాన్నగారిది వెనకబడింది, కానీ చెయ్యి దాటలేదు, ఈ వారమే ఫిజియోథెరపిస్టుకు చూపించండి. ఆరు వారాలకూ 90 రాకపోతే మత్తిచ్చి వంచాల్సి రావచ్చు. మూడు నెలలు దాటితే లోపలి మచ్చ గట్టిపడి అదీ కష్టమవుతుంది.

చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులనే పథ్యం పేరుతో మాన్పించారు. 60 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 70 గ్రాములు కావాలి (కిడ్నీ జబ్బుంటే డాక్టర్ని అడగండి). గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 లేక 7 ఉంటాయి. పప్పు, పెరుగు, చేప, చికెన్ అన్నీ పెట్టండి. పిక్కకు నూనె రాసి మాలిష్ మాత్రం వద్దు. అక్కడ రక్తం గడ్డ కట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు.

ప్రశ్న: బంగారు రంగు మోకీలు ఎక్కువకాలం మన్నుతుందంటున్నారు. నిజమా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అది బంగారం కాదు, టైటానియం సమ్మేళనపు పూత. నికెల్ వంటి లోహాలు పడనివారికి దానితో ఉపయోగం ఉంది. మిగతావారికి మామూలు కోబాల్ట్ క్రోమియం కీలు చాలు. నూటికి 90కి పైగా కీళ్లు 15 ఏళ్లు దాటి పనిచేస్తున్నాయి. 2017 ఆగస్టులో కేంద్రం మోకీలు ఇంప్లాంట్ల ధరలకు పరిమితి విధించింది, కాబట్టి బిల్లులో దాని ధర విడిగా రాయించుకోండి. పెట్టిన భాగాల స్టిక్కర్లు డిశ్చార్జి కాగితాలతో దాచండి, తర్వాత ఎప్పుడైనా ప్లాస్టిక్ దిమ్మ మార్చాల్సి వస్తే సైజు, రకం వాటిమీదే ఉంటాయి.

ప్రశ్న: ఆపరేషన్ అయి రెండు నెలలు. నడుస్తుంటే లోపల టక్కుమంటోంది, కుట్ల పక్కన మొద్దుబారింది, మోకాలు వెచ్చగా ఉంటోంది. కింద కూర్చోవచ్చా?
— ఒక గృహిణి, అనకాపల్లి

జవాబు: లోహం ప్లాస్టిక్‌కు తగిలితే చప్పుడు వస్తుంది, భయం లేదు. కోతలో సన్నని చర్మ నరాలు తెగుతాయి గనుక మచ్చకు బయటివైపు మొద్దుబారుతుంది. అది నెమ్మదిగా తగ్గుతుంది, కొంతమందికి కాస్త మిగులుతుంది. వెచ్చదనం, వాపు ఆరు నెలల దాకా ఉండొచ్చు. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వద్దు. కుర్చీ, కమోడ్ వాడండి.

కుట్ల నుంచి చెమ్మ కారినా, వెచ్చదనం తగ్గకపోగా ఎర్రబడి జ్వరం వచ్చినా అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్లండి. పక్క వీధిలో రాసిచ్చిన యాంటీబయాటిక్ మింగితే పరీక్షలో సూక్ష్మజీవి దొరకదు. పిక్క గట్టిపడి నొప్పి పెట్టినా ఆ రోజే చూపించాలి. ఆయాసమో, ఛాతీలో నొప్పో వస్తే ఎవరినీ అడుగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యండి.