రోమ్‌లో అప్పియా ఆంటికా పార్కుని సైకిల్ మీద చూడాలంటే ఏ రూటు మంచిది?

మీరు అడిగింది ఇదీ కదా: ఏప్రిల్‌లో రోమ్ వస్తున్నాం, పదేళ్ళ బాబు ఉన్నాడు, ఒక్క పూట ఖాళీ ఉంది, అప్పియా ఆంటికా పార్కు మొత్తం సైకిల్ మీద కవర్ చేసెయ్యొచ్చా అని. చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో ఉండిపోయినదాన్ని, ఆ పార్కుకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు కాబట్టి గట్టిగానే చెప్తున్నా, మొత్తం కవర్ చెయ్యలేరు, చెయ్యొద్దు కూడా. వేల ఎకరాల పార్కు అది, 1988లో పెట్టారు, అందులో అప్పియా అనే రోమన్ల కాలం నాటి పాత రోడ్డుంది, సమాధులున్నాయి, లోయ ఉంది, గొర్రెల మందలున్నాయి, నీటి కాలవల తోరణాలున్నాయి. ఒక పూటలో అన్నీ చుట్టేస్తే ఇంటికెళ్ళాక ఫొటోలు తప్ప ఏం గుర్తుండదు.

రూటు విషయానికొస్తే, అందరూ చేసే తప్పు పోర్తా సాన్ సెబాస్తియానో గేటు దగ్గర మొదలుపెట్టడం. పాత నగర గోడ ద్వారం కాబట్టి అక్కణ్ణించి తొక్కితేనే అసలు మజా అని వీడియోల్లో చెప్తుంటారు, దయచేసి నమ్మకండి. ఆ గేటు నుంచి సాన్ సెబాస్తియానో కాటకూంబుల (నేల కింద తవ్విన పాత సమాధుల) దాకా రోడ్డు సన్నం, రెండు పక్కలా ఎత్తు గోడలు, ఫుట్‌పాత్ చాలాచోట్ల లేనే లేదు, కార్లు మోచేతికి తగిలేంత దగ్గర్నుంచి దూసుకుపోతాయి. ఆదివారం బండ్లు రాకూడదని రూలుంది, అయినా ఎవడో ఒకడు వస్తూనే ఉంటాడు. పిల్లాడితో అక్కడ సైకిలా? వద్దంటే వద్దు. ఆ ముక్క 118 బస్సులో ఇంకో రోజు చూసుకోండి.

మీరు మెట్రో 'A' లైన్లో కొల్లి అల్బాని స్టేషన్‌లో దిగి 660 బస్సెక్కండి, చెచీలియా మెతెల్లా అనే రోమన్ పెద్దింటావిడ సమాధి దగ్గర దింపుతుంది. సైకిళ్ళు ఆ చుట్టుపక్కలే అద్దెకి దొరుకుతాయి. టైర్లు లావుగా ఉన్నవే అడగండి, సన్న టైరైతే రాళ్ళ సందుల్లో ఇరుక్కుపోతుంది. డబ్బులు కట్టే ముందే చైనూ బ్రేకులూ చూసుకోండి, ఎందుకు చెప్తున్నానో కింద రాస్తా.

మా నాన్న రైతు, పల్నాడు, గురజాల దగ్గర ఊరు. మొన్నొక మే నెలలో మిర్చి అమ్మేసి మొదటిసారి విమానమెక్కి నా దగ్గరికొచ్చాడు. కొలొసియం చూపించా, వాటికన్ చూపించా, బాగుందమ్మా బాగుందమ్మా అంటాడే గానీ కళ్ళలో ఏం కనపడలా, కాళ్ళ నొప్పులు మాత్రం కనపడ్డాయి. సరే ఆదివారం పొద్దున్నే అప్పియాకి తీసుకెళ్ళి రెండు సైకిళ్ళు అద్దెకి తీసుకున్నా. పోయేకాలం ఆ షాపువాడిది, నాన్నకిచ్చిన సైకిల్ చైను ఎంత వదులంటే సమాధి దాటి రాళ్ళ మీదకి రాగానే ఊడిపోయింది. నేను ఫోన్ తీసి షాపు నంబరు వెతికేలోపు నాన్న సైకిల్ని తలకిందులు చేసి, పైన్ చెట్టు కింద పడున్న పుల్ల ఒకటి తీసుకుని, చైనుని కింద పళ్ళకి ఆనించి పెడల్ వెనక్కి ఒక్క తిప్పు తిప్పాడు, టక్కున ఎక్కి కూర్చుంది. చేతికంటిన నల్ల గ్రీజుని ఆకుతో తుడుచుకుంటూ, కందెన బానే పెట్టారమ్మాయ్, చైనే సాగిపోయింది అన్నాడు. వెనక్కెళ్ళి గొడవ పెట్టుకుందామంటే ఊరుకోమని చెయ్యి ఊపాడు.

లేచి నిలబడబోయి మళ్ళీ కూర్చున్నాడు, ఈసారి రోడ్డు వైపు తిరిగి. అక్కడ పాత రాళ్ళు అలాగే ఉన్నాయి, బల్లంత బల్లంత నల్లరాళ్ళు, అంచులు అరిగి నున్నగా, ఒకటి ఆరు మూలలది ఒకటి ఐదు మూలలది, ఏ రెండూ ఒకలా ఉండవు. ఒక రాయి మీద వేలు లోపలికి పోయేంత గాడి పడి ఉంది. నాన్న చూపుడు వేలు అందులో పెట్టి అలా జరుపుకుంటూ పోయాడు, గాడి పక్క రాయిలోకి, ఆ పక్క రాయిలోకి. "ఇది బండి గాడే అమ్మాయ్" అన్నాడు. రోమన్ల బండ్లు నాన్నా, రెండువేల ఏళ్ళ కిందటివి అన్నా. నా మాట వినలేదు. అవతలి గాడి ఎక్కడుందో వెతికి, ఈ గాడి నుంచి ఆ గాడికి జానలతో కొలిచాడు, మోకాళ్ళ మీద పాకుతూ, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా. "మన బండి ఇరుసుకీ దీనికీ ఏం తేడా లేదే" అన్నాడు. మా ఇంట్లో ట్రాక్టరొచ్చి చాలా ఏళ్ళైంది, అంతకుముందు తాత కాలం నుంచీ ఎడ్లబండే. రేగడి నేలలో వానాకాలం గాడి పడితే ఎండకి గట్టిపడి సంక్రాంతి దాకా పోదు, రాతిలో గాడి పడాలంటే ఎన్ని బండ్లు తిరగాలి, ఎన్ని జతల ఎడ్లు లాగుండాలి అని ఆయన లెక్కలేసుకుంటూ కూర్చున్నాడు. చెచీలియా మెతెల్లా సమాధి దగ్గరకి మళ్ళీ వెనక్కి నడిపించాడు నన్ను, ఇందాక ఏదో చూశానని. గుండ్రంగా కోట బురుజులా ఉంటుంది కదా అది, పైన అంచు చుట్టూ పాలరాతిలో పూలదండలు చెక్కి, దండకీ దండకీ మధ్యన ఎద్దు తలకాయలు పెట్టారు. అందుకే ఆ చోటుకి కాపో ది బోవే అని పేరు, ఎద్దు తల అని అర్థం. నేను అప్పటికి చాలాసార్లు ఆ దారిన పోయినదాన్నే, ఒక్కసారి కూడా తలెత్తి ఆ ఎద్దుల్ని చూళ్ళేదు. నాన్న చూశాడు.

అందుకే చెప్తున్నా, అక్కడ సైకిల్ తొక్కడం సగం, దిగి నడవడం సగం. రాళ్ళున్న చోట దిగి నడిపించుకోండి, లేదంటే పక్కన సైకిళ్ళు పోయీపోయీ పడిన మట్టి బాట ఉంటుంది, అందులో పోండి. క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ అనే అధికారి మొదలుపెట్టించిన రోడ్డు, ముందు దక్షిణాన కాపువా ఊరి దాకా, తర్వాత బ్రిందిసి రేవు దాకా పోయింది. వెడల్పు నాలుగు మీటర్లు కాస్త పైన, ఎదురెదురు బండ్లు రెండు తప్పుకునేంత. ఊరి లోపల శవాల్ని పూడ్చకూడదని వాళ్ళ చట్టం కాబట్టి డబ్బున్నవాళ్ళంతా రోడ్డు పక్కన సమాధులు కట్టించుకున్నారు. స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక క్రీ.పూ. 71లో ఆరు వేలమంది బానిసల్ని కాపువా నుంచి రోమ్ దాకా ఈ రోడ్డు పొడుగునా శిలువ వేశారు. ఆ సంగతి చెప్పాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. 1960 ఒలింపిక్స్‌లో ఇథియోపియా అబేబే బికిలా ఒట్టికాళ్ళతో మారథాన్ గెలిచింది కూడా ఈ అప్పియా మీదుగా పరిగెత్తే, రాత్రి పూట కాగడాల వెలుతురులో. ఈ రాళ్ళ మీద చెప్పుల్లేకుండా ఒక పది అడుగులు వెయ్యండి, ఆయన పాదాల సంగతి తెలుస్తుంది.

మూడో మైలు దగ్గరున్న మెతెల్లా నుంచి ఆరో మైలు దగ్గరున్న కాసాల్ రొతొందో అనే పెద్ద గుండ్రటి సమాధి దాకా వెళ్ళి తిరిగి రండి, రానూ పోనూ పది కిలోమీటర్లకి అటూఇటూ, గొడుగు పైన్ చెట్లు, సరుగుడులా నిటారుగా సైప్రస్ చెట్లు, మనుషులు తక్కువ. మధ్యలో క్వింతిలీ అనే రోమన్ అన్నదమ్ముల విల్లా ఉంది, ఊరంత ఉంటుంది. దాని మీద కన్నేసిన కొమ్మోదుస్ చక్రవర్తి కుట్ర పేరు చెప్పి 182 ప్రాంతంలో ఆ అన్నదమ్ములిద్దర్నీ చంపించి విల్లా తీసేసుకున్నాడు. అప్పుడూ భూకబ్జాలే.

ఎలక్ట్రిక్ సైకిల్ గ్రూప్ టూర్లు మాత్రం ఎక్కకండి. ఇరవైమంది ఒకే రంగు హెల్మెట్లతో వస్తారు, గైడు నాలుగు ముక్కలు చెప్పి బెల్లు కొడతాడు, అందరూ లేచి పోతారు. ఎద్దు తల చూసేంత టైమ్ ఎక్కడుంటుంది? ఈ రోడ్డు మనదాకా మిగిలిందంటే కొందరు మొండిగా కొట్లాడబట్టి. 1950ల్లో డబ్బున్నవాళ్ళు సమాధుల మధ్యన విల్లాలు కట్టుకుంటుంటే ఆంతోనియో చెదెర్నా అనే జర్నలిస్టు ఏళ్ళ తరబడి రాస్తూనే ఉన్నాడు, ఆయన కాగితాలన్నీ ఇప్పుడు కాపో ది బోవేలోనే భద్రపరిచారు. అప్పియాని రెండు ముక్కలు చేసిన రింగ్ రోడ్డుని కూడా 2000లో వచ్చిన జూబిలీ (క్యాథలిక్కుల పవిత్ర సంవత్సరం) టైమ్‌కి సొరంగం తవ్వి కిందకి దింపేశారు, పైన మీరు హాయిగా తొక్కుకుంటూ పోవచ్చు. 2024 జూలైలో యునెస్కో ఈ రోడ్డుకి వారసత్వ గుర్తింపిచ్చింది, ఆ మీటింగ్ జరిగింది మన ఢిల్లీలోనే. ఆ వార్త పంపితే నాన్న ఊళ్ళో అందరికీ చూపించాడట.

ఇది చూసినప్పుడల్లా నాకు గోల్కొండ గుర్తొచ్చి కడుపు మండుతుంది. బంజారా దర్వాజా దాటగానే కుతుబ్‌షాహీ సమాధులు, అచ్చం ఇలాగే కోట బయట సమాధులు, మధ్య దూరం కూడా కొంచెమే. ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ వేయగలిగినవాళ్ళం, ఈ కొంచెం దూరానికి ఆదివారం పూటైనా బండ్లాపి సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ ఇవ్వలేమా? ఇచ్చి చూడమనండి, జనం రాకపోతే అడగండి.

బాబు సంగతి మర్చిపోలేదండీ. పిల్లాడికి రాళ్ళ రోడ్డు కంటే నీటి కాలవల పార్కు నచ్చుతుంది, మెట్రో 'A' లైన్లోనే జూలియో అగ్రికోలా స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. చదునుగా మట్టి బాటలు, కార్లు లేవు, క్రీ.శ. 38లో మొదలై 52లో పూర్తయిన క్లాడియా కాలవ తోరణాలు తొమ్మిదంతస్తుల ఎత్తులో వరసగా పోతుంటాయి. పక్కనున్న ఫెలీచే కాలవ తోరణాల్లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పేదవాళ్ళు గుడిసెలేసుకుని 1970ల దాకా కాపురాలున్నారు, అదీ చెప్పండి బాబుకి. మధ్యలో కఫారెల్లా లోయ కూడా బాగుంటుంది, అల్మోనే వాగు, గొర్రెలు, కానీ ముందురోజు వాన పడితే మోకాలి లోతు బురద, ఆ రోజు వదిలేయండి. అప్పియా ఒక పూట, కాలవలు ఇంకో పూట పెట్టుకోండి, రెండోదానికి టైమ్ లేకపోతే వాటికన్ క్యూలో నిలబడే పూట తీసేసి ఇక్కడ పెట్టండి. పిల్లల సైజు సైకిల్ అన్నిచోట్లా ఉండదు, ముందురోజే ఫోన్ చేసి చెప్పి ఉంచండి. తాగే నీళ్ళు కొనక్కర్లేదు, రోడ్డు పక్క కొళాయిల నీళ్ళు చల్లగా తియ్యగా ఉంటాయి, కానీ కాసాల్ రొతొందో వైపు కొళాయిలు తక్కువ, మెతెల్లా దగ్గరే సీసా నింపుకుని బయల్దేరండి.