‘తమదైన శైలి’ అంటే ఏ శైలి?

ప్రశ్న: ‘పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం ఒప్పుకున్నాడు’ అని పేపర్లో తరచూ చదువుతుంటాను. శైలి రచయితలకు ఉంటుంది కానీ పోలీసులకు ఉండటమేమిటి? అలాగే ‘లాకప్ డెత్’కు సరైన తెలుగు ఏది? కస్టడీ మరణమా, నిర్బంధ మరణమా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

సమాధానం: శైలి రచయితల సొత్తేమీ కాదండీ. అది సంస్కృతంలో శీలం నుంచి పుట్టిన మాట. శీలం అంటే స్వభావం, నడవడి, అలవాటు. అలవాటు కొద్దీ ఒక పనిని చేసే తీరే శైలి. ఆ లెక్కన విలేకరి వాడిన మాట తప్పు కాదు సరికదా, అతను అనుకున్నదానికంటే ఎక్కువే చెప్పింది. ‘కొట్టారు’ అని రాస్తే నువ్వు చూశావా అని అడుగుతారు. రాయకపోతే రాత్రి దాకా నోరు మెదపనివాడు తెల్లారేసరికి ఎలా ఒప్పుకున్నాడో పాఠకుడికి అర్థం కాదు. అందుకని కన్ను గీటినట్టు ‘తమదైన శైలి’ అన్నారు. రాసేవాడికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు.

నన్నడిగితే అసలు కిటుకు శైలిలో కంటే ‘విచారించగా’లోని ‘గా’లో ఉంది. ‘వాన కురవగా చెరువు నిండింది’ అంటే వాన వల్ల నిండిందనీ అనుకోవచ్చు, వాన తర్వాత నిండిందనీ అనుకోవచ్చు. తేల్చి చెప్పే పని వాక్యానికి లేదు. విచారించగా ఒప్పుకున్నాడు. మధ్యలో గడిచిన రాత్రంతా ఆ ఒక్క అక్షరంలో సర్దుకుపోయింది. ఇంతా చేసి, పోలీసుల ఎదుట ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ఆ మాటే చెప్పింది, 2024 జులైలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం ఉంది. కోర్టు ఒప్పుకోనిదాన్ని మన వార్త మాత్రం పుల్‌స్టాప్ పెట్టి ముగిస్తుంది.

ఈ మాటకు చుట్టాలు చాలామందే ఉన్నారు. ‘లాఠీలు ఝుళిపించారు’ అంటారు. ఝుళిపించడమంటే గాలిలో ఆడించడం. దెబ్బ ఎవరికీ తగిలినట్టు లేదు, కానీ మర్నాడు ఆస్పత్రిలో పదిమంది ఉంటారు. ‘లాఠీలకు పని చెప్పారు’ అన్నది ఇంకా గడుసుది. పని చేసింది లాఠీ, పోలీసు పురమాయించాడంతే.

‘అదుపులోకి తీసుకున్నారు’ అన్నది చూడటానికి సాధుమాట. కానీ అరెస్టు అంటే దానికో గడియారం ఉంటుంది. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు తేదీ, సమయం వేసి మెమో రాయాలి, సాక్షి సంతకం తీసుకోవాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి. ‘అదుపు’ అన్నచోట ఆ గడియారం ఎవరికీ కనపడదు. మా వీధిలో ఒకావిడ కొడుకును దొంగతనం అనుమానం మీద పట్టుకెళ్లినప్పుడు ఆమె మా అరుగు మీదకొచ్చి కూర్చుంది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. స్టేషన్‌లో తీసుకోలేదట. ‘పట్టుకపోయిన్రు సారూ, కొడుతున్నరేమో’ అంది. మర్నాడు పేపర్లో ‘అనుమానితుణ్ణి అదుపులోకి తీసుకుని విచారిస్తున్నారు’ అని వచ్చింది. సంగతి ఒకటే. ఆమె మాటలో మనుషులున్నారు.

ఇక మీ రెండో సందేహం. ‘నిర్బంధ మరణం’ వద్దు. నిర్బంధ విద్య అంటే తప్పనిసరి చదువు కదా, ఆ వరసలో ఇది తప్పనిసరి చావులా వినిపిస్తుంది. లాకప్ అంటే స్టేషన్‌లోని ఆ గది. జీపులోనో, ఆస్పత్రికి తీసుకెళ్తుండగానో, జైల్లోనో పోతే అది లాకప్ డెత్ కాదు, కస్టడీ మరణం అవుతుంది. ఇంగ్లిషు, సంస్కృతం కలిపారని నొసలు చిట్లించక్కర్లేదు, రెండూ వాడుకలో నిలిచినవే. ‘లాకప్ హత్య’ అన్నది నినాదం. ఊరేగింపులో సరే, విచారణ తేలకముందు వార్తలో రాయడం సబబు కాదు. అలాగని ‘యువకుడి మృతి’ అని చేతులు దులుపుకోనూ అక్కర్లేదు. తెలుగులో ‘అని’ ఉంది. ‘పోలీసులు కొట్టడం వల్లే చనిపోయాడని తల్లి చెబుతోంది’ అని రాస్తే కొట్టింది ఎవరంటున్నారో, ఆ మాట అంటున్నది ఎవరో రెండూ మిగులుతాయి.

1978 మార్చి నెలాఖరులో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక స్త్రీని పోలీసులు చెరిచారని, నిలదీసిన భర్తను కొట్టి చంపారని జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చింది. ఆయన రిక్షా తొక్కేవాడు. జనం శవాన్ని తెచ్చి స్టేషన్ ముందు పెట్టారు. రాళ్లు పడ్డాయి, కాల్పులు జరిగాయి. చూశారా, నేనూ అలాగే రాశాను! జనం రాళ్లు వేశారు, పోలీసులు కాల్చారు. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది, 1981లో అక్కడి కోర్టు పోలీసులను నిర్దోషులంది. ఆ కేసును నేటికీ ఆ స్త్రీ పేరుతోనే పిలుస్తారు. నిందితుల పేర్లు చెప్పమంటే చెప్పేవాళ్లు అరుదు. అందుకే నేను స్టేషన్ పేరు రాశాను.

జనం భాష ఎప్పుడూ బాధితుల పక్షమే అనుకోకండి. ఇంగ్లిషులో ఎన్‌కౌంటర్ అంటే ఎదురుపడటం. దానికి ‘చేయు’ తగిలించి ‘ఎన్‌కౌంటర్ చేశారు’ అని, చేసినవాళ్లను వాక్యంలోకి లాగింది మనవాళ్లే. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర, అత్యాచారం, హత్య కేసులో తమ కస్టడీలో ఉన్న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు అదే మాటను మెచ్చుకోలుగా వాడారు, పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల కథనం నమ్మేలా లేదంది. 10 మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలన్న ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది.

మీరు అడగలేదు కానీ, ఇలాంటి వార్తల్లో చివర ఓ వాక్యం వస్తుంది: ‘బంధువులు స్టేషన్ ఎదుట ఆందోళనకు దిగారు.’ సంస్కృతంలో ఆందోళనం అంటే ఊయలలా ఊగడం. తెలుగులో ‘ఆందోళన చెందుతోంది’ అంటే ఇంట్లో కూర్చున్న తల్లి, ‘ఆందోళనకు దిగింది’ అంటే రోడ్డు మీద కూర్చున్న తల్లి. మా వీధి ఆవిడకు రెండోదాని అవసరం పడలేదు. మూడోరోజు పొద్దున కొడుకు కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. ఏం జరిగిందని అడిగితే ‘ఏం లేదు, విచారించిండ్రు’ అన్నాడు.