ఇష్టమైన బీరును ఇంట్లో అచ్చు దింపితే కేసు అవుతుందా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఉంటున్నాం. నేను హెచ్-1బీ వీసాపై సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. సియెర్రా నెవాడా కంపెనీ కాచే పేల్ ఏల్ అనే రకం బీరు అంటే నాకు చాలా ఇష్టం. ఆ రుచి పట్టుకోవాలని ఇంట్లోనే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), కాస్కేడ్ రకం హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వేసి కాచి, అదే బీరు సీసా అడుగున మిగిలిన ఈస్ట్‌ను పెంచి పులియబెట్టాను. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెడితే ఏది ఏదో మా ఫ్రెండ్స్ చెప్పలేకపోతున్నారు. కంపెనీవాళ్లకు తెలిస్తే కోర్టుకు లాగుతారని నా భార్య టెన్షన్ పడుతోంది. ఒక స్నేహితుడేమో కంపెనీ లేబుల్ లాంటిదే వేసి, మా తెలుగు సంఘం పిక్నిక్‌లో తలా ఐదు డాలర్లు తీసుకుని గ్లాసుల్లో పోసిద్దామంటున్నాడు. వచ్చే ఏడాది హైదరాబాద్ తిరిగి వెళ్తున్నాం. సామానంతా తీసుకెళ్లి అక్కడా ఇలాగే చేసుకోవచ్చా?

జవాబు: మీరు అన్నిటికన్నా తేలిగ్గా, చివరగా అడిగిన హైదరాబాద్ సంగతే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. మీ ఇంట్లో భయపడుతున్న విషయంలో మాత్రం నిజంగా భయపడాల్సింది చాలా తక్కువ. ముందు అదే చెప్తాను, ఆవిడకు కూడా చదివి వినిపించండి.

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడం ఒకప్పుడు నేరమే. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం దాన్ని మార్చింది. 1979 ఫిబ్రవరి 1 నుంచి సొంతానికి, కుటుంబానికి కాచుకునే బీరుకు పన్ను లేదు, కేంద్రం నుంచి అనుమతీ అక్కర్లేదు. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు. అంటే మీ ఇద్దరికీ కలిపి సుమారు 757 లీటర్లు. మామూలు ఐదు గ్యాలన్ల లెక్కన నలభై సార్లు కాచుకోవచ్చు. కాలిఫోర్నియా చట్టం కూడా ఇవే పరిమితులు పెట్టింది, కాచేవారికి 21 ఏళ్లు నిండి ఉండాలి. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తే మాత్రం అక్కడి రూల్స్ ఒకసారి చూసుకోండి. మిసిసిపీ, అలబామా 2013 దాకా ఒప్పుకోలేదు.

ఈ మినహాయింపు బీరుకూ వైన్‌కూ మాత్రమే. అదే బీరును బట్టీ పెట్టి విస్కీ తీద్దామని ఎవరైనా అంటే అక్కడితో ఆపండి. పర్మిట్ లేకుండా ఇంట్లో సారా తీయడం అమెరికా ఫెడరల్ చట్టం కింద జైలుకు పంపే నేరం.

ఇక రుచిని కాపీ కొట్టడం గురించి. ఫలానా మాల్ట్ ఇంత, ఫలానా హాప్స్ ఇన్ని నిమిషాలప్పుడు అనే జాబితాకు కాపీరైట్ ఉండదు. పద్ధతులకూ ప్రక్రియలకూ కాపీరైట్ రాదని అమెరికా కాపీరైట్ చట్టం 102(బి) సెక్షన్‌లోనే రాసి ఉంది. ఎవరో తమ మాటల్లో రాసిన వివరణను, తీసిన ఫొటోలను ఎత్తి మీ పేరున వేసుకుంటే అది వేరే గొడవ.

పేటెంట్ రావాలంటే అంతకుముందు లోకంలో లేని కొత్త సంగతి ఉండాలి. సియెర్రా నెవాడా పేల్ ఏల్ 1980 నుంచి తయారవుతోంది. మామూలు పేల్ ఏల్ వంటకం మీద ఇప్పుడు ఎవరూ పేటెంట్ చూపించి మిమ్మల్ని ఆపలేరు.

మిగిలింది వ్యాపార రహస్యం. మీ ఆవిడ మనసులో ఉన్న భయం బహుశా ఇదే. కంపెనీ తన రెసిపీని రహస్యంగా దాచుకోవచ్చు, దొంగిలించినవాడిపై దావా వేయొచ్చు. కానీ షాపులో డబ్బిచ్చి కొన్న సీసాను తాగి, వాసన చూసి, మళ్లీ మళ్లీ కాచి ఆ రుచిని రాబట్టుకోవడం దొంగతనం కాదు. 1974లో కెవానీ ఆయిల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. 2016 నాటి ఫెడరల్ వ్యాపార రహస్యాల చట్టమూ, కాలిఫోర్నియా సివిల్ కోడూ ఇలా సరుకును చూసి తయారీ రాబట్టడాన్ని (రివర్స్ ఇంజినీరింగ్) తప్పుడు దారుల లెక్కలోంచి తీసేశాయి. సీసా అడుగు ఈస్ట్ కూడా మీరు కొన్న సరుకులో భాగమే. చికో ఈస్ట్ పేరుతో ఆ తరహా రకాలు ఇంట్లో బీరు కాచుకునే సామాను అమ్మే హోమ్‌బ్రూ షాపుల్లో ప్యాకెట్లలో దొరుకుతూనే ఉన్నాయి. ఒక్క హెచ్చరిక: ఆ కంపెనీలో పనిచేసే స్నేహితుడెవరైనా లోపలి కాగితం ఫొటో తీసి పంపిస్తానంటే వద్దనండి. అప్పుడు మీ ఇద్దరి మీదా కేసు నిలబడుతుంది.

హాప్స్ విషయం కూడా కొంత తెలుసుకోవాలి. కాస్కేడ్‌ను అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధనలోంచి 1972లో విడుదల చేశారు, ఎవరైనా పెంచుకోవచ్చు. సిట్రా, మొజాయిక్ లాంటి కొత్త రకాలకు పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు ఉన్నాయి. వాటిని కొని మీ బీరులో వేసుకోవడానికి అడ్డేమీ లేదు. వాటి దుంప సంపాదించి పెరట్లో నాటుకుంటేనే చిక్కు.

ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల లోకంలో నకలు తీయడాన్ని ఎవరూ తప్పుగా చూడరని కూడా ఆవిడకు చెప్పండి. బ్రూడాగ్ అనే బీరు కంపెనీ 2016లో తన బీర్ల రెసిపీలన్నీ ఇంట్లో కాచుకునేవాళ్ల కోసం ఉచితంగా బయటపెట్టింది. సియెర్రా నెవాడాను పెట్టిన కెన్ గ్రాస్‌మన్ స్వయంగా ఇంట్లో కాచుకుంటూ పైకొచ్చినవాడే. బ్రూవరీ పెట్టకముందు, 1976లో, కాలిఫోర్నియాలోని చికో ఊళ్లో హోమ్‌బ్రూయింగ్ సామాన్ల షాపు తెరిచాడు. మీరు చేస్తున్న పని ఆయనకు కొత్తేమీ కాదు.

లేబుల్ దగ్గర మాత్రం కంపెనీలు ఊరుకోవు. 2015 జనవరిలో లగునీటస్ అనే మరో బీరు కంపెనీ ఇదే సియెర్రా నెవాడా మీద దావా వేసింది. గొడవంతా లేబుల్ మీద ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే బీరు రకానికి పొట్టి పేరు) అనే మూడు అక్షరాలను రాసిన తీరు గురించి. జనం నుంచి విమర్శలు రావడంతో రోజుల్లోనే వెనక్కి తీసుకుంది కానీ, పెద్ద కంపెనీలు కూడా దేనికోసం కోర్టు మెట్లెక్కుతాయో అర్థమవుతుంది. మీ ఫ్రిజ్‌లో ఉన్న సీసాకు ఏం అంటించుకున్నా ఆచరణలో ఎవరికీ పట్టదు, ఎందుకంటే ట్రేడ్‌మార్క్ ఉల్లంఘనకు వ్యాపార వాడకం ఉండాలి. నలుగురిలోకి వెళ్లే సీసాకు కంపెనీ పేరు, ఆ పోలిక, రెండూ వద్దు. పాత సీసాలు వాడుతుంటే వాటి లేబుళ్లు నానబెట్టి ఊడదీయండి. మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. "సియెర్రా నెవాడా లాగా ఉండేట్టు కాచాను" అని నోటితో చెప్పడంలో తప్పు లేదు.

పిక్నిక్‌లో డబ్బులు తీసుకోవద్దు. దీని గురించి ఇంకో ఆలోచన కూడా పెట్టుకోకండి. ఇంటి బీరుకు ఇచ్చిన మినహాయింపంతా అమ్మకం లేదన్న షరతు మీదే నిలబడింది. "చందా", "ఖర్చులకు" అని డబ్బా పెట్టినా, గ్లాసు చేతికి రావాలంటే ఐదు డాలర్లు ఇవ్వాల్సిందే అయితే అది అమ్మకమే. కొన్ని లాభాపేక్ష లేని సంస్థల కార్యక్రమాలకు కాలిఫోర్నియాలో ఇరుకైన మినహాయింపులున్నాయి. సంఘంవాళ్లు మాకూ అది వర్తిస్తుందంటే, రాష్ట్ర మద్య నియంత్రణ శాఖను రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే ముందుకు వెళ్లమనండి. మీకు దీనిలో ఇంకో ప్రమాదం ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవారు స్పాన్సర్ చేసిన కంపెనీకే పనిచేయాలి. బీరు అమ్మి డబ్బు తీసుకుంటే అనుమతి లేని పని చేశారన్న ప్రశ్న వస్తుంది. ఐదు డాలర్ల కోసం వీసా మీదికి తెచ్చుకోవడం ఏమిటి? ఊరికే పోసి ఇవ్వండి. పార్కులో మద్యానికి సిటీ పర్మిట్ కావాలేమో కనుక్కోండి. 21 ఏళ్లు నిండని పిల్లల చేతికి గ్లాసు వెళ్లకుండా ఒకరిని కాపలా పెట్టండి, ఎందుకంటే వాళ్లకు అందించడం అక్కడ నేరం.

ఇక హైదరాబాద్. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలోది. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తెలంగాణలో నడుస్తున్నది 1968 నాటి ఎక్సైజ్ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లోనూ మూలం అదే. లైసెన్స్ లేకుండా మత్తు పదార్థం తయారు చేయకూడదని ఆ చట్టం చెబుతోంది. సొంతానికి ఇన్ని లీటర్లు కాచుకోవచ్చన్న అమెరికా తరహా మినహాయింపు అందులో లేదు. తరతరాలుగా గీసే కల్లుకే లైసెన్స్ కావాల్సిన చోట ఇంట్లో కాచిన పేల్ ఏల్‌ను వదిలేస్తారనుకోకండి. "అమ్మలేదు, నేనే తాగాను" అన్నది శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుందేమో గానీ నేరం లేదనడానికి పనికిరాదు. క్రిస్మస్‌కు ఇళ్లల్లో పులియబెట్టే ద్రాక్ష వైన్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. పట్టించుకోకుండా వదిలేయడం వేరు, చట్టం ఒప్పుకోవడం వేరు.

తయారు చేసే ఉద్దేశంతో పాత్రలు, పరికరాలు దగ్గర పెట్టుకున్నా ఈ చట్టం కింద ప్రశ్న వస్తుంది. స్టీలు గిన్నె, థర్మామీటరు ఎవరింట్లోనైనా ఉంటాయి, వాటితో ఇబ్బంది లేదు. పులుస్తున్న బీరుతో నిండిన ఫెర్మెంటర్ (పులియబెట్టే పాత్ర), పక్కన హాప్స్, మాల్ట్ బస్తా ఉంటే ఉద్దేశం వేరే చెప్పక్కర్లేదు. పైగా తిరిగొచ్చిన కొత్తలో చాలామంది అమ్మానాన్నల ఇంట్లోనే దిగుతారు. ఆ ఇంట్లో ఇది దొరికితే ఎక్సైజ్ వాళ్లు ముందు అడిగేది ఇల్లు ఎవరిదని. మీ సరదా కోసం పెద్దవాళ్లు స్టేషన్ చుట్టూ తిరగాల్సి రావచ్చు. అందుకే ఆ సామాను శాక్రమెంటోలోనే ఎవరైనా హోమ్‌బ్రూ మిత్రుడికి ఇచ్చేసి రండి. షాపులో కొన్న సీసాలు తెచ్చుకోవాలంటే కస్టమ్స్‌లో డ్యూటీ లేకుండా 2 లీటర్ల వరకు మద్యం అనుమతిస్తారు.

ఇది మీకు నిజంగా వదులుకోలేని ఇష్టమైతే హైదరాబాద్‌లో దారి లేకపోలేదు. తెలంగాణ మైక్రోబ్రూవరీలకు, అంటే అక్కడే బీరు కాచి అమ్మే చిన్న సంస్థలకు, లైసెన్సులు ఇస్తోంది. అది స్థలం, పెట్టుబడి, ఫీజులతో కూడిన వ్యాపారం, ఇంటి వంటగదికి ఇచ్చేది కాదు. ఇప్పటికే లైసెన్స్ ఉన్నచోట బ్రూవర్‌గా చేరడమో, వాళ్లతో ఒప్పందం చేసుకుని వాళ్ల ఆవరణలోనే మీ రెసిపీ కాయించడమో చేయొచ్చు. అలా చేసినప్పుడు రెసిపీ మీదే కాబట్టి దిగులు లేదు. మెనూలో మాత్రం ఆ అమెరికన్ కంపెనీ పేరు వాడకండి, 1999 నాటి మన ట్రేడ్‌మార్క్స్ చట్టం కింద అప్పుడు మీరు వ్యాపారంలో ఉన్నట్టే లెక్క. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆ లైసెన్స్ కాపీ అడిగి, ఎవరి పేరున ఉందో, ఎప్పటిదాకా చెల్లుతుందో స్థానిక వకీలుకు చూపించండి.