రేపటి కోసం దాచుకుంటే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: మా వారు ఎలక్ట్రీషియన్. చర్చికి వెళ్లడం మొదలుపెట్టాక తాగుడు పూర్తిగా మానేశారు. కూలి చేతికి రాగానే చర్చికిచ్చే దశమభాగం, అంటే పదో వంతు, కవర్లో పెట్టేస్తారు. మిగిలింది ఇంటి ఖర్చుకే సరి. ఎనిమిదేళ్ల పాప చదువుకి కాస్త దాచుదామంటే ‘రేపటినిగూర్చి చింతింపకుడి’ అంటారు. గట్టిగా అడిగితే నాకు విశ్వాసం లేదంటున్నారు.

జవాబు: మీరు అడిగిందాంట్లో తప్పేమీ లేదమ్మా. మత్తయి 6వ అధ్యాయంలోని ఆ మాట, ఏం తింటాం, ఏం కట్టుకుంటాం అని బెంగపడేవాళ్లకు చెప్పింది. లూకా 14లో అదే యేసు ప్రభువు, గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగారు.

బైబిల్లోనే యోసేపు సంగతి చూడండి. కరువు రాబోతోందని ఐగుప్తు రాజు ఫరో కల ద్వారా దేవుడే తెలియజేశాడు. అంతమాత్రాన యోసేపు చేతులు కట్టుకుని కూర్చోలేదు. బాగా పండిన ఏడేళ్లూ అయిదో వంతు పంట తీయించి, ఏ ఊరి చుట్టుపక్కల ధాన్యం ఆ ఊళ్లోనే నిలవ చేయించాడు. తర్వాత ఆకలితో వచ్చిన సొంత అన్నల ప్రాణాలు నిలబెట్టినవి ఆ గింజలే.

మీ వారు మన్నా సంగతి, అంటే అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం సంగతి ఎత్తవచ్చు. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మర్నాటికి ఉంచితే పురుగు పట్టేది, నిజమే. కానీ విశ్రాంతి దినం కోసం ఆరో రోజు రెండింతలు ఏరి ఉంచుకున్నది పాడవలేదు. నిర్గమకాండం 16లో ఉంది. ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి చదవండి, వాదన మాత్రం పెట్టుకోకండి. ఆయన చేత తాగుడు మానిపించిన విశ్వాసం అది. దాన్ని తక్కువ చేసే మాట మీ నోట రానివ్వకండి.

దశమభాగం జోలికి కూడా వెళ్లొద్దు. ఖర్చుకి ముందే తీసి పక్కన పెట్టడం ఆయనకు అలవాటే కదా! పాప పేరున ఇంకో కవర్ పెట్టమనండి. పని దొరికిన రోజు ఎంతో కొంత వేస్తే చాలు. పాపకు పదేళ్లు నిండేలోపు పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టాలి. పద్దెనిమిదేళ్లు నిండాక పైచదువుకి అందులో సగం దాకా తీసుకోవచ్చు. కరెంటు పని కాబట్టి, బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా చేయించండి. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు ఇస్తారు.

అప్పటికీ ఆయన మనసు ఒప్పకపోతే మీ పాస్టరుగారిని అడగండి. మీ వారికి తెలియకుండా వెళ్లి ఫిర్యాదు చేసినట్టు కాకుండా, ఇద్దరూ కలిసే వెళ్లండి.